రాక్ స్లైడర్లా, పవర్ స్టెప్పులా? హైదరాబాద్‌లో పెద్ద బండి ఉన్నవారు తరచుగా అడిగే ప్రశ్నలు

నాది టయోటా హైలక్స్. వారమంతా సైనిక్‌పురికీ హైటెక్ సిటీకీ మధ్య తిరుగుతుంది. నెలకు రెండు మూడుసార్లు చేవెళ్ల దాటాక ఉన్న మా పొలానికి వెళ్తుంది. దానికి మొదట పవర్ స్టెప్పులు పెట్టించాను. పద్నాలుగు నెలలు వాడాక తీయించేసి స్లైడర్లు వేయించాను. మా అన్నయ్య ఫార్చ్యూనర్‌కు మాత్రం పవర్ స్టెప్పులే పెట్టించమని చెప్పాను. ఆయన పెట్టించారు, హాయిగా ఉన్నారు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి సెల్లారులో పార్కింగ్ దగ్గర, వాటర్ సర్వీసింగ్ దగ్గర, ఒకసారి పెళ్లి భోజనాల బంతిలో కూడా ఇవే ప్రశ్నలు ఎదురవుతున్నాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను.

ఈ రెండూ అసలు ఏమిటి? చూడటానికి రెండూ తలుపు కింద మెట్లలాగే ఉన్నాయి కదా?

ఉండే చోటు ఒకటే, చేసే పనులకు మాత్రం ఏ సంబంధమూ లేదు.

రాక్ స్లైడర్ అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య, తలుపుల కింద బారుగా ఉండే మందపాటి ఉక్కు గొట్టం. దాని కాళ్లను బాడీకి కాకుండా నేరుగా ఛాసిస్‌కు, అంటే బండి అడుగున బరువంతా మోసే ఉక్కు చట్రానికి, బిగిస్తారు. బండి పక్కభాగం బండరాయి మీదికి దిగినప్పుడు ఆ బరువు తలుపు కింది రేకు మీద పడదు. గొట్టం దాన్ని మోసి ఛాసిస్‌కు అప్పగిస్తుంది. బండి రాయి మీద జారుకుంటూ ముందుకు పోతుంది. జారనిస్తుంది కాబట్టే ఆ పేరు.

పవర్ స్టెప్ అంటే మోటారుతో దిగే మెట్టు. తలుపు తెరవగానే అల్యూమినియం పలక బండి కింద నుంచి బయటికి వచ్చి, సుమారు 15 సెంటీమీటర్లు దిగి నిలబడుతుంది. తలుపు వేసిన ఒకటి రెండు సెకన్లకు మడుచుకుని లోపలికి పోతుంది. అది మనిషి కాలిని మోయడానికి పుట్టింది. రాయి దెబ్బ కాయడం దాని పని కాదు.

తలుపు కింద బాడీకి అంచులా ఉండే భాగాన్ని సిల్ అంటారు. ఇంటికి గడప ఎలాగో బండికి అది అలాగ, కాబట్టి ఇక్కడ నేను గడప అనే అంటాను. బంపరు, ఫెండరు బోల్టులు విప్పి మార్చుకోవచ్చు. గడప బాడీలో భాగం. నొక్కుకుపోతే కోసి, కొత్త రేకు అతికి, రంగు వేయాలి. ఈలోగా తలుపు సరిగా పడదు, వానాకాలంలో నీరు లోపలికి వస్తుంది. స్లైడర్ కాపాడేది ఈ గడపనే.

నాకు ఏది కావాలో ఎలా తేల్చుకోవాలి?

కొట్టుకు వెళ్లే ముందు రెండు పనులు చేయండి. ఖర్చేమీ కాదు.

మొదటిది, ఫోను టార్చి వేసుకుని బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుని గడప కింది అంచును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూడండి. గీత ఉందా? నొక్కు ఉందా? ఉంటే ఎక్కడ? మూడేళ్లుగా తిప్పుతున్న బండికి అక్కడ ఒక్క గీతా లేకపోతే మీకు స్లైడర్ అవసరం లేదు. కొంటామంటే మీ ఇష్టం, అందానికి కొంటున్నామని ఒప్పుకొని కొనండి. నా బండికి ఎడమవైపు వెనక తలుపు కింద జానెడు పొడవున నొక్కు ఉంది. పొలం గట్టు అడ్డంగా దాటబోతే ముందు చక్రం దాటింది, గట్టు తల సరిగ్గా అక్కడ తగిలింది.

రెండోది, నేల నుంచి బండి లోపలి అడుగు దాకా టేపుతో కొలవండి. లాడర్ ఛాసిస్ బండ్లలో, అంటే బాడీ కింద వేరుగా నిచ్చెనలాంటి చట్రం ఉన్నవాటిలో, చాలావాటికి ఇది అర మీటరు దాటుతుంది. మన ఇంటి మెట్టు ఎత్తు 15 నుంచి 18 సెంటీమీటర్లు. అంటే మూడు మెట్ల ఎత్తును ఒక్క అడుగులో ఎక్కమని అంటున్నాం. ఎవరిని? ఆ పేర్లు ఒక కాగితం మీద రాయండి. పాతికేళ్ల కుర్రాళ్లే ఎక్కుతారంటే కొలతతో పనిలేదు. అరవై దాటినవారు, చీర కట్టుకునేవారు, పసిబిడ్డను ఎత్తుకునేవారు ఉంటే రాతి సంగతి తర్వాత, ముందు మెట్టు సంగతి చూడాలి.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు స్లైడర్లతో పనేమిటి?

ఊరంతా రాళ్లే కదా అని ఒకాయన అన్నారు. నిజమే, ఈ నేల గ్రానైటుకు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఖాజాగూడ గుట్ట దగ్గర గుండు మీద గుండు ఎవరో పేర్చినట్టు ఉంటుంది. కానీ మన బండి వాటి మీద ఎక్కదు, ఎక్కకూడదు కూడా. ఊళ్లో తిరిగే బండికి అడ్డొచ్చేవి స్పీడ్ బ్రేకర్లు, గుంతలు, తవ్వి వదిలేసిన కందకాలు.

స్పీడ్ బ్రేకర్‌కు తగిలేది ఎక్కువగా గడప కాదు, బండి నడుము. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం ఎంత ఎక్కువ ఉంటే మధ్యభాగం అంత తేలిగ్గా తగులుతుంది. మూడు తలుపుల థార్‌లో ఆ దూరం 2,450 మిల్లీమీటర్లు, హైలక్స్‌లో 3,085. ఒకే దిబ్బ మీద థార్ దాటిపోతే నా బండి కడుపు గీసుకుంటుంది. దానికి మందు అడుగున వేసే స్కిడ్ ప్లేటు. స్లైడర్ పక్కలను మాత్రమే కాస్తుంది. ఈ తేడా తెలియక స్లైడర్లు వేయించి, మర్నాడు అడుగున చప్పుడైందని షెడ్డువాడితో గొడవపడినవారిని చూశాను.

గడప నిజంగా దెబ్బతినేది ఊరి బయట. పొలం గట్లు అడ్డంగా దాటేటప్పుడు, ఎడ్లబండ్ల బాటలో రెండు గాళ్ల మధ్య పెరిగిన దిబ్బ మీద ఒక పక్క చక్రం జారినప్పుడు, చెరువు అలుగు కింద రాళ్లలోంచి పోయేటప్పుడు, వికారాబాద్ వైపు మొరం బాటల్లో వానకు పక్కలు కోసుకుపోయినచోట. నెలకొకసారైనా ఇలాంటి చోటికి వెళ్తే స్లైడర్ గురించి ఆలోచించండి. ఏడాదికి ఒకసారి అనంతగిరి కొండల్లో మూసీ పుట్టిన చోటు చూసి తారురోడ్డు మీదే తిరిగి వస్తారంటే వద్దు.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమెకు ఏది సౌకర్యం?

పవర్ స్టెప్. ఇందులో నాకు రెండో మాట లేదు.

బండి కొన్న కొత్తలో మా అమ్మ ఎక్కడం చూశాను. ఎడమ చేత్తో కుచ్చిళ్లు పైకి పట్టుకుంది. కుడి చెయ్యి లోపలి పిడి కోసం వెతికింది. ఒక కాలు పైకి పెట్టింది కానీ ఒళ్లు లేవలేదు. ఆ కాలు దించి రెండో కాలు పెట్టింది. చివరికి నేను వెనక నుంచి మోచెయ్యి పట్టుకుని ఎత్తాల్సి వచ్చింది. లోపల కూర్చున్నాక ఊపిరి తీసుకుని, "నాన్నా, ఇది బండి ఎక్కడమా, చింతచెట్టు ఎక్కడమా?" అంది. ఆ తర్వాత ఆరు నెలలు వెనక సీటు కింద ఒక ప్లాస్టిక్ పీట ఉండేది. దిగి, పీట తీసి, ఆమె ఎక్కాక మళ్లీ లోపల పెట్టడం నా పని. ఒకసారి గుడి దగ్గర దాన్ని రోడ్డు మీదే మరచి వచ్చాం.

పవర్ స్టెప్ పెట్టించిన రోజు ఆమె ఎవరి సాయమూ లేకుండా ఎక్కింది. ఎత్తు రెండు భాగాలు కావడం ఒక కారణం. మెట్టు బయటికి రావడం మరో కారణం. మోకాలి నొప్పి ఉన్నవారికి కాలు పైకి ఎత్తడంతో పాటు, ఎత్తిన కాలి మీద ఒళ్లంతా మోపి నిలబడటమూ కష్టమే. బయటికి వచ్చిన మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి, నిలదొక్కుకుని, పిడి పట్టుకుని, తర్వాత తిరిగి కూర్చోవచ్చు. రాత్రిపూట మెట్టు కింద దీపం వెలిగితే నేల మీద ఏముందో కనిపిస్తుంది. వాన రోజుల్లో అది చిన్న మేలు కాదు.

పేరున్న తయారీదారుల మెట్లు ఒక్కొక్కటి 270 కిలోల దాకా మోస్తాయి కాబట్టి లావుగా ఉన్నవారు సంకోచించనక్కరలేదు.

ఇంత చెప్పాక ఒక మాట. ఇంట్లో పెద్దవారు ఉండి, బండి ఊరు దాటకపోతే, మామూలు బిగింపు మెట్టు కూడా చాలు. బండి కంపెనీవాళ్లే అమ్ముతారు. మోటారు లేదు, వైరు లేదు, పాడయ్యేదేమీ లేదు. దాని లోపమల్లా ఎప్పుడూ బయటే ఉండటం. అందుకే మరీ కిందికి పెట్టరు. మోటారు మెట్టు దిగినంత కిందికి అది రాదు.

స్లైడర్‌నే మెట్టుగా వాడుకోవచ్చు కదా? ఒక ఖర్చుతో రెండు పనులు.

షెడ్డుల్లో అందరూ ఇదే చెప్పి అమ్ముతారు. స్లైడర్ మంచిదైతే అది గడపకు బాగా దగ్గరగా, పైకి ఉంటుంది. కిందికి దించితే రాళ్లకు తగిలే వస్తువు మనమే తగిలించినట్టు. పైకి ఉన్నప్పుడు ఎక్కాల్సిన ఎత్తు పెద్దగా తగ్గదు. పిల్లలకు, బండి కప్పు మీద సామాను కట్టేవారికి పనికొస్తుంది. మా అమ్మకు ఏమాత్రం పనికిరాలేదు. పైగా స్లైడర్ బయటికి పొడుచుకు వచ్చిన చోట చీర అంచు, పంచె అంచు రుద్దుకుని బురద అంటుతుంది.

కొందరు మధ్యేమార్గంగా స్లైడర్‌ను నాలుగు వేళ్లు కిందికి దించి, మీద గళ్ల రేకు వేసి ఇస్తారు. అది రెంటికీ చెడ్డ రేవడి. రాయి దగ్గర ఎత్తు పోయింది, మెట్టు దగ్గర ఎత్తు చాలలేదు.

మీరు పవర్ స్టెప్పులు ఎందుకు తీసేశారు?

నల్లరేగడి వల్ల.

మా పొలం దారిలో అర కిలోమీటరు నల్లరేగడి ఉంది. వానకు అది మైనం ముద్దలా చక్రానికి అంటుకుంటుంది. చక్రం దాన్ని వెనక్కి విసురుతుంది. విసిరిన మట్టి నేరుగా పోయి పడేది ముందు తలుపు కింద మెట్టు మడతలోనే. తడిగా ఉన్నంతసేపు ఏమీ కాదు. సాయంత్రం ఇంటికి వచ్చి, రెండు రోజులు బండి తీయకపోతే ఆ మట్టి ఇటుకలా గట్టిపడుతుంది. సోమవారం ఉదయం తలుపు తెరిస్తే మోటారు మూలిగింది. మెట్టు సగం దిగి ఆగింది, తలుపు వేస్తే లోపలికి పోలేదు. ఆఫీసుకు వేళయింది. స్క్రూడ్రైవరుతో మట్టి పెళ్లలు గోకుతూ సెల్లారులో నేల మీద పడుకున్నాను. వాచ్‌మన్ పైపు తెచ్చి నీళ్లు కొట్టాక ఎలాగో మడుచుకుంది.

ఆ వానాకాలంలో అలా నాలుగుసార్లు జరిగింది. అడ్డు తగిలితే వెనక్కి తగ్గే తెలివి మంచి కిట్లలో ఉంటుంది. మన కాలి వేళ్లకు అది రక్షణే. కానీ మట్టిని కూడా అది అడ్డుగానే లెక్కపెట్టి మధ్యలో ఆగిపోతుంది. ఐదోసారికి కుడివైపు మోటారు పోయింది. కిట్టు దిగుమతి చేసుకున్నది, విడి మోటారు రావడానికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ మెట్టును తాడుతో పైకి కట్టి తిరిగాను.

మా అన్నయ్య బండి కొంపల్లి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్ వెళ్లి వస్తుంది. మట్టి ముఖం చూడదు. అందుకే ఆయన మెట్లు మొదటి రోజులాగే పనిచేస్తున్నాయి. అమ్మ ప్రయాణాలన్నీ ఇప్పుడు ఆ బండిలోనే.

వర్షాలకు రోడ్డు మీద నీరు నిలిచినప్పుడు పవర్ స్టెప్ తట్టుకుంటుందా?

మోటారు మీద ఐపీ 67 అని ఉంటే దుమ్ము చొరబడదని, మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా నీరు చేరదని అర్థం. పరీక్ష చేసేది నిలకడగా ఉన్న మంచినీటిలో. 2020 అక్టోబరు వరదలాంటి రోజున రోడ్డు మీద పారింది మంచినీరు కాదు. అయినా మోటారు సాధారణంగా బతుకుతుంది. చెడేది వైరు కలిసే చోటు, అంటే కప్లర్. అందులో తడి చేరి పచ్చగా కిలుం పడుతుంది. కిలుం పట్టాక మెట్టు ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి మానేస్తుంది. జబ్బు ఎక్కడుందో దొరకదు.

నా అనుభవంలో వరద కంటే ఎక్కువ చెరుపు చేసేది వాటర్ సర్వీసింగ్. అక్కడి కుర్రాడు ప్రెషర్ గన్ను బండి కిందికి పెట్టి కప్లర్ మీద నేరుగా కొడతాడు. మెట్టు దించి పలకను కడగమనండి, మోటారు మీద, వైర్ల మీద గన్ను పెట్టవద్దని ముందే చెప్పండి. ఆరిన తర్వాత కీళ్ల మీద సిలికాన్ స్ప్రే కొట్టించండి. గ్రీజు వద్దు, దుమ్మును పట్టుకుని ముద్ద కడుతుంది.

పవర్ స్టెప్ కొనేటప్పుడు కొట్టులో ఏమి చూడాలి?

రాణిగంజ్‌లో అయినా మరోచోట అయినా, పెట్టెలో ఉన్న దాన్ని చూసి కొనకండి. అదే కిట్టు బిగించిన బండి ఒకటి చూపించమనండి. ఆరు నెలలు తిరిగిన బండి అయితే మరీ మంచిది.

మెట్టు మీద మీరే నిలబడి రెండుసార్లు ఊగండి. కీలు దగ్గర ఆట ఉంటే అక్కడే తెలిసిపోతుంది. తర్వాత చెప్పు విప్పి మెట్టు మడుచుకునే దారిలో పెట్టండి. చెప్పు తగలగానే ఆగాలి. చెప్పును నొక్కుకుంటూ పోయే కిట్టు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి, పిల్లలున్న ఇల్లు.

తలుపు తెరుచుకున్నట్టు దానికి ఎలా తెలుస్తుందో అడగండి. కొన్ని కిట్లు స్టీరింగు కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో (మెకానిక్‌లు బండి లోపాలు చదివే పరికరం తగిలించేది) పెట్టుకుంటే చాలు, వైరు కోయనక్కరలేదు. కొన్నిటికి తలుపు అంచున అయస్కాంతపు సెన్సరు అతికిస్తారు. అది కూడా మంచిదే, కాకపోతే అతుకు ఊడిపోకుండా చూసుకోవాలి. కంపెనీ వైరింగ్ తొక్క గీరి ముడి వేసి టేపు చుట్టే పద్ధతిని మాత్రం ఒప్పుకోకండి. విడి ఫ్యూజు ఎక్కడుందో చూపించమని, ఫోనులో ఫొటో తీసుకోండి. మెట్టు బయట ఇరుక్కుపోయిన రోజు ఆ ఫొటో అక్కరకు వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, విడి మోటారు ఈ ఊళ్లో నిల్వ ఉందా అని అడగండి. "తెప్పిస్తాం సార్" అన్నారంటే లేదని అర్థం.

బాలానగర్‌లో స్లైడర్ చేయించుకుంటే సరిపోతుందా? కంపెనీదే కొనాలా?

బాలానగర్, జీడిమెట్ల షెడ్డుల్లో పని తెలిసినవాళ్లు ఉన్నారు. గొట్టం వంచడం, అతకడం వాళ్లకు చిన్న పని. అడగాల్సినవి మనం అడగకపోతే మాత్రం మెరిసే స్టీలు పైపు అతికి పంపేస్తారు. నా స్లైడర్లు అక్కడే చేయించాను. మొదట వెళ్లిన షెడ్డులో చూపించిన నమూనాను చేత్తో ఎత్తితే ఈకలా లేచింది. రెండో షెడ్డులో పెద్దాయన నన్ను తూకం దగ్గరికి తీసుకెళ్లారు. "బాబూ, పైపు మందం కంటికి కనిపించదు. కాటా మీద కనిపిస్తుంది" అన్నారు. ఆయనకే పని ఇచ్చాను.

ఆయన చెప్పింది లెక్క ప్రకారం కూడా సరైనదే. 50 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు గొట్టం మీటరుకు దాదాపు మూడున్నర కిలోలు తూగుతుంది. మందం ఒకటిన్నర మిల్లీమీటర్లే అయితే 1.8 కిలోలు. రంగు వేశాక రెండూ ఒకేలా ఉంటాయి. రెండు టన్నుల బండి రాతి మీద ఒరిగినప్పుడు ఒకటి నిలుస్తుంది, రెండోది వంగి గడపనే పొడుస్తుంది. మూడు మిల్లీమీటర్లకు తగ్గవద్దు. అతుకు గీత ఉండే ఇ.ఆర్.డబ్ల్యూ గొట్టం చాలు. వంచేటప్పుడు ఆ గీత వంపు పక్కకు ఉండేలా పట్టుకోమనండి. అతుకు లేని సీమ్‌లెస్ గొట్టం ఇంకా మంచిది, ధర కూడా అలాగే ఉంటుంది.

గొట్టం కంటే కాళ్లు ముఖ్యం. హైలక్స్ అంత పొడవు బండికి ఒక్కో పక్క నాలుగు కాళ్లు వేయించాను. ప్రతి కాలూ ఛాసిస్‌కు తగిలే చోట 5 లేదా 6 మిల్లీమీటర్ల పలక ఉండాలి, లేకపోతే బరువంతా ఒక చుక్క మీద పడి ఛాసిస్‌కే సొట్ట పడుతుంది. అతకాలా, బోల్టులా? బోల్టులే. ఛాసిస్‌కు వెల్డింగ్ చేస్తే ఆ చోట ఉక్కు గుణం మారుతుంది, వారంటీ పోతుంది, రేపు విప్పాలంటే కోయాలి. ఛాసిస్‌లో ఇప్పటికే ఉన్న రంధ్రాలు వాడుకోవడం, లేదా రెండు పలకల మధ్య ఛాసిస్‌ను బిగించి పట్టడం మేలు. 8.8 గ్రేడు బోల్టులు వాడమనండి, ఆ అంకె బోల్టు తల మీద పోత పోసి ఉంటుంది. ఛాసిస్ వెంబడి బ్రేకు గొట్టాలు, డీజిల్ గొట్టాలు, వైర్లు పోతుంటాయి. బిగించే ముందు వాటిని చూపించమనండి. షెడ్డులో బండి మీద ఏ చిన్న అతుకు వేసినా ముందు బ్యాటరీ వైర్లు విప్పించండి.

స్లైడర్‌కూ గడపకూ మధ్య వేలు దూరేంత సందు ఉండాలి. బాడీ రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది, ఛాసిస్‌తో పాటు కదలదు. సందు లేకపోతే రెండూ రుద్దుకుని రంగు పోయి తుప్పు మొదలవుతుంది. గడప కింద నీరు కారే చిన్న రంధ్రాలు ఉంటాయి, అవి మూసుకుపోకూడదు.

డబ్బు ఇచ్చే ముందు ఒక పరీక్ష. స్లైడర్ మధ్యలో జాకీ పెట్టి ఆ పక్క చక్రం లేచేదాకా ఎత్తమనండి. గొట్టం వంగి గడపకు తగిలితే, కాలు మెలిపడితే అక్కడితో బేరం అయిపోయింది. నా పెద్దాయన నేను అడగకముందే జాకీ తెచ్చారు. ఆ సమయంలో ఎవరూ బండి కిందికి దూరకూడదని వేరే చెప్పాలా?

ఏ బండికైనా స్లైడర్ వేయవచ్చా?

లేదు. కింద వేరుగా లాడర్ ఛాసిస్ ఉన్న బండ్లకే. హైలక్స్, ఇసుజు వి-క్రాస్, ఫార్చ్యూనర్, థార్, స్కార్పియో-ఎన్, బొలెరో, ఫోర్స్ గూర్ఖా, జిమ్నీ ఆ జాతివి. క్రెటా, హారియర్, ఎక్స్‌యూవీ 700, కంపాస్ లాంటివాటికి బాడీయే ఛాసిస్. వాటికి స్లైడర్ అని అమ్మేది గడపకే తగిలించిన అలంకారం. దెబ్బ తగిలితే అది గడపను కాపాడకపోగా లాగేస్తుంది. సఫారీ వారు జాగ్రత్త: పాత స్టార్మ్‌కు లాడర్ ఛాసిస్ ఉండేది, 2021లో వచ్చిన కొత్త సఫారీకి లేదు. పేరు చూసి పొరబడతారు.

పోలీసులు, ఆర్టీఏ వాళ్లు అభ్యంతరం చెబుతారా?

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు చెప్పినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో చేరిన 182ఎ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ రాష్ట్రాలకు రాసిన లేఖ బండి ముందు బిగించే బుల్‌బార్లు, క్రాష్ గార్డుల గురించి. పాదచారులకు ప్రమాదమని అందులో కారణం చెప్పారు.

నా సలహా ఇది. బండి కంపెనీ తమ ఉపకరణాల జాబితాలో అమ్మే మెట్టుతో తలనొప్పి తక్కువ. బయట చేయించే స్లైడర్ అద్దాల వెడల్పు దాటకూడదు, చివర్లు పదునుగా ఉండకూడదు, చక్రాల వైపు నోరు తెరిచి ఉండకూడదు. రసీదు దాచండి. బోల్టులతో బిగించినదైతే తీయమన్నప్పుడు తీసేయవచ్చు, వెల్డింగ్ వద్దనడానికి ఇదొక కారణం. ఆర్సీలో బండి ఖాళీ బరువు రాసి ఉంటుంది, జత స్లైడర్లు దానికి చేర్చే బరువు తేలికేమీ కాదు.

వారంటీ, బీమా?

బిగించే ముందు మీ సర్వీస్ సెంటరును రాతపూర్వకంగా అడగండి. వైరింగ్ జోలికి పోయే పవర్ స్టెప్ విషయంలో వాళ్లు ఎక్కువ పట్టుబడతారు. బీమాలో విద్యుత్ ఉపకరణాలను విడిగా విలువ కట్టి పాలసీలో రాయించుకోవాలి, లేకపోతే ప్రమాదం తర్వాత మెట్టుకు పైసా రాదు. స్లైడర్లు కూడా చెప్పి చేర్పించండి.

స్లైడర్ల బరువుకు మైలేజీ పడిపోతుందా?

నా జత దాదాపు 50 కిలోలు తూగింది, అంటే రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలు. రెండు టన్నులు దాటిన హైలక్స్‌కు అది తెలియదు. జిమ్నీ 1,200 కిలోల బండి, దానికి కొంత తెలుస్తుంది. మైలేజీ కంటే స్ప్రింగుల మీద పడే భారం గురించి ఆలోచించండి. ముందు విన్చి (ఇరుక్కున్న బండిని లాగే మోటారు చుట్ట), వెనక డ్రాయర్లు, పైన క్యారియరు, పక్కల స్లైడర్లు అంటూ పోతే ఖర్చూ బరువూ తడిసి మోపెడవుతాయి.

అపార్ట్‌మెంటు పార్కింగ్‌లో పవర్ స్టెప్ ఇబ్బంది పెడుతుందా?

పెడుతుంది. పక్క బండికీ మీ బండికీ మధ్య మనిషి అడ్డంగా దూరేంత సందే ఉంటే, తలుపు కాస్త తెరవగానే మెట్టు బయటికి వచ్చి మీ పిక్కకు తగులుతుంది. ఎత్తయిన ఫుట్‌పాత్ పక్కన ఆపినా అంతే, మెట్టు దిగబోయి సిమెంటు రాయికి కొట్టుకుంటుంది. చాలా కిట్లకు ఆపుచేసే స్విచ్ ఉంటుంది. దాన్ని డ్రైవరు చేతికి అందేచోట పెట్టించండి.

రెండూ కలిపి పెట్టించుకోలేమా?

మామూలు కిట్లతో కుదరదు, రెండింటికీ కావాల్సింది ఛాసిస్ పక్కన అదే జాగా. స్లైడర్ లోపలే మోటారు మెట్టు దాచిన రకాలు అమెరికాలో అమ్ముతారు. చూడటానికి ముచ్చటగా ఉంటాయి. కానీ నల్లరేగడికి అవి ఏ దేశంలో తయారయ్యాయో తెలియదు.

తీసేసిన పవర్ స్టెప్పులు ఏమి చేశారు?

అన్నయ్య బండికి వేద్దామంటే హైలక్స్ బ్రాకెట్లు ఫార్చ్యూనర్‌కు సరిపోలేదు, ఆయనకు వేరే కిట్టు కొనాల్సి వచ్చింది. అమ్ముదామని రెండు నెలలు చూశాను. మోటారు ఒకటి మార్చానని నిజం చెప్పడంతో ఎవరూ ముందుకు రాలేదు. ఎడమ పక్క మోటారు ఇంకా అలమరలో ఉంది. రెండు అల్యూమినియం పలకలూ పొలంలో బోరు పక్కన ఇటుకల మీద పరిచాం. దున్నకం రోజుల్లో బురద కాళ్లు కడుక్కునేవాళ్లు వాటి మీదే నిలబడతారు.